మన బండికి ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలి? – బెంగళూరు పీణ్యలో చేసిన ప్రసంగ పాఠం

(బెంగళూరు చుట్టుపక్కల జేసీబీలు, పొక్లెయిన్లు నడుపుకునే తెలుగువాళ్లు ఒక ఆదివారం పీణ్యలో కలుసుకున్నప్పుడు, భారీ యంత్రాల సర్వీసింగులో చాలా ఏళ్లుగా ఉన్న ఒక ఇంజినీరు మాట్లాడినది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని ఎక్కించాం. తడబాట్లు తీసేశాం, మాట మార్చలేదు.)

నమస్కారమండీ అందరికీ. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఈ వరసలో ఖాళీలున్నాయి. ఫ్యాన్ల మోతకు నా మాట వినపడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా మాట్లాడతా.

ముందు నేనే ఒక ప్రశ్న అడుగుతా. మీ బండిలో ఏ ఆయిల్ పోస్తున్నారు? అదీ, అందరూ ఒకే మాట అన్నారు. 15డబ్ల్యూ-40. అనంతపురం ఆయనా అదే అన్నాడు, పాలమూరు ఆయనా అదే అన్నాడు. తప్పేం లేదు. మరి డబ్బా మీద 15డబ్ల్యూ-40 పక్కన ఇంకేదో రాసుంటుంది కదా, అదేంటి? చూశారా, ఇప్పుడెవరూ నోరు విప్పట్లేదు. ఎవరో కంపెనీ పేరు చెప్పారు. నేనడిగింది కంపెనీ పేరు కాదు. ఆ పక్కన రెండక్షరాలు, ఒక అంకె ఉంటాయి. ఈ పొద్దు నేను మాట్లాడేది చాలావరకు ఆ రెండక్షరాల గురించే. లక్షలు లక్షలు పోసి బండి కొంటాం, ఆ రెండక్షరాలు చదవకుండా అందులో ఆయిల్ పోస్తాం. లోను కాయితాలైనా చదివామా అంటే, అదీ లేదనుకోండి.

సరే, ముందు ఆ 15డబ్ల్యూ-40 సంగతి తొందరగా తేల్చేద్దాం, దాంతో మనకు పెద్ద గొడవ లేదు కాబట్టి. మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 15డబ్ల్యూ అని రాయాలంటే సున్నాకి 20 డిగ్రీల కింద కూడా ఇంజిన్ తిరగనిస్తుందా లేదా అని పరీక్ష పెడతారు. మన బెంగళూరు డిసెంబరు పొద్దున ఎంతుంటుంది? 15 డిగ్రీలు. దానికి మనం మంకీ క్యాపులు పెట్టుకుంటాం గానీ, ఆయిల్‌కి అదొక చలే కాదు. రెండో అంకె, 40, ఇంజిన్ బాగా వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర, ఆయిల్‌లో ఎంత చిక్కదనం మిగిలుందో చెబుతుంది.

ఇక్కడ ఒకటి అడుగుతారు. "సార్, మాది నెల్లూరు పక్కన క్వారీ, మేలో 44 డిగ్రీలు కాస్తుంది, 20డబ్ల్యూ-50 పోస్తే ఇంజిన్‌కి మంచిది కదా?" అని. ఇంజిన్‌కి థర్మోస్టాట్ ఎందుకు పెట్టారు చెప్పండి? బయట 44 ఉన్నా 24 ఉన్నా లోపల కూలెంట్‌ని 80, 90 డిగ్రీల దగ్గర పట్టి ఉంచడానికే కదా. సంపులో, అంటే ఇంజిన్ అడుగు తొట్టిలో, ఆయిల్ దానికి ఇంకో పది ఎక్కువ ఉంటుంది. నెల్లూరైనా బెంగళూరైనా లోపల వేడిలో పెద్ద తేడా లేదు. బండి హీటెక్కుతోందంటే రేడియేటర్ జాలీలో పట్టిన దుమ్ము ఊదించండి, ఫ్యాన్ బెల్ట్ చూడండి, కూలెంట్ చూడండి. చిక్కటి ఆయిల్ పోస్తే వేడి తగ్గదు. పైగా పొద్దున స్టార్ట్ చేయగానే పైన రాకర్లకి, టర్బోకి ఆయిల్ ఎక్కడం ఆలస్యమవుతుంది, డీజిలూ కొంచెం ఎక్కువ తాగుతుంది. మాన్యువల్లో ఉష్ణోగ్రతల పట్టిక ఒకటుంటుంది, ఒక్కసారి తీసి చూడండి. మన దగ్గర తిరిగే చాలా ఇంజిన్లకి 15డబ్ల్యూ-40 గీత మన చలినీ ఎండనీ రెండిటినీ దాటిపోయి ఉంటుంది. కొన్ని కొత్త బండ్లకి 10డబ్ల్యూ-30 అని ఉంటే, భయపడకుండా అదే పోయండి. గ్రేడ్ సంగతి ఇంతే.

ఇప్పుడు ఆ రెండక్షరాలు. డబ్బా వెనక ఒక గుండ్రని ముద్ర ఉంటుంది. మధ్యలో గ్రేడ్, పైన వంపులో ఏపీఐ అని, అంటే ఆయిళ్లకి ప్రమాణాలు పెట్టే అమెరికా పెట్రోలియం సంస్థ పేరు, దాని పక్కన సీఎఫ్-4, సీహెచ్-4, సీఐ-4, సీకే-4, ఇట్లా ఏదో ఒకటి. ముద్ర లేకపోతే చిన్నచిన్న అక్షరాల్లో ఆ పేరాలోనే ఉంటుంది, వెతకండి. సీతో మొదలైతే డీజిల్ ఇంజిన్‌కి, ఎస్‌తో మొదలైతే పెట్రోల్‌కి. ఆ తర్వాతి అక్షరం అక్షరమాలలో ఎంత ముందుకి పోతే ఆయిల్ అంత కొత్త తరానిది. సీఎఫ్-4 వచ్చింది 1990లో. సీహెచ్-4 1998లో. సీఐ-4 2002లో. సీజే-4 2006లో. సీకే-4 2016 చివర్లో. ఇందులో సీఎఫ్-4ని ఏపీఐ వాళ్లే కాలం చెల్లిన జాబితాలో పెట్టేశారు. కానీ మన షెడ్లలో చూడండి, ఇంకా కనపడుతుంది. ఎందుకు? చవక కాబట్టి. ఇంకోటి, "మా నాయన కాలం నుంచి ఇదే పోస్తున్నాం, ఏం కాలేదు" కాబట్టి. మీ నాయన కాలం బండి వేరు నాయనా. ఆ రోజుల డీజిల్ కూడా వేరు.

డీజిల్ వేరు అన్నాను కదా, అది కాస్త నిదానంగా చెప్తా, ఎందుకంటే ఇది పట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే అర్థమైపోతుంది. డీజిల్‌లో గంధకం ఉంటుంది. అది మండి, లోపలుండే తేమతో కలిస్తే ఆమ్లం అవుతుంది. మామూలు ఆమ్లం కాదు, సల్ఫ్యూరిక్ యాసిడ్. అది లైనర్లని, బేరింగుల్ని తినేస్తుంది. అందుకని ఆయిల్‌లో ఆ ఆమ్లాన్ని విరిచే మందు కలుపుతారు. ఎక్కువగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఆ మందు ఎంతుందో చెప్పే లెక్కే టీబీఎన్. అక్కడక్కడ డీలర్లు "మా దాంట్లో టీబీఎన్ ఎక్కువ సార్" అంటుంటారు చూడండి, అదీ ఇది. డీజిల్‌లో గంధకం ఎక్కువుంటే ఈ మందు ఎక్కువ కావాలి. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి పొగకి ప్రభుత్వం పెట్టిన హద్దుల వరస. పీపీఎం అంటే పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లని. బీఎస్-2 నాటి డీజిల్‌లో గంధకం 500 పీపీఎం దాకా ఉండొచ్చు. బీఎస్-3కి 350 అయింది. బీఎస్-4కి 50. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 డీజిలే, 10 పీపీఎం. 500 ఎక్కడ, 10 ఎక్కడ!

మరి గంధకం అంత తగ్గాక కూడా ఆ మందు అంతే మోతాదులో దండిగా ఉంటే నష్టమేంటి? ఉంటే ఉండనీ అంటారా? పాత బండిలో అయితే పెద్ద నష్టం లేదు. కొత్త బండిలో ఉంది. పొయ్యిలో కట్టె కాలిపోతే బూడిద మిగులుతుంది కదా, అట్లాగే ఇంజిన్ ప్రతి గంటా కొంచెం కొంచెం ఆయిల్‌ని కాలుస్తుంది, ఆయిల్ కాలిపోతుంది, ఈ లవణాలు బూడిదగా మిగిలిపోతాయి. పాత బండికి ఆ బూడిద సైలెన్సర్లోంచి బయటికి పోయేది, ఎవరికీ తెలిసేది కాదు. కొత్త బండికి సైలెన్సర్ జాగాలో ఏముంది? డీపీఎఫ్. మసిని పట్టుకునే ఫిల్టర్. మసి పడితే దాన్ని 600 డిగ్రీల దాకా వేడెక్కించి కాల్చేసుకుంటుంది, దాన్నే మనవాళ్లు రీజెన్ అంటారు. మసి కాలిపోతుంది. బూడిద కాలదు. ఎట్లా కాలుతుంది, అది కాలిపోగా మిగిలిందే కదా! అది ఫిల్టర్ గదుల్లో అడుగునుంచి పేరుకుంటూ వస్తుంది. దాన్ని విప్పి శుభ్రం చేయించాలి, లేదా ఫిల్టర్ మార్చాలి. ఆ ఫిల్టర్ ధర ఎంతో ఇక్కడ కొత్త బండి కొన్నవాళ్లని అడగండి, నేను చెప్పను, మధ్యాహ్నం భోజనం సహించదు.

అందుకనే సీజే-4, సీకే-4 ఆయిళ్లలో ఈ బూడిదకి హద్దు పెట్టారు. ఒక శాతం దాటకూడదు. సీఐ-4కి ఏపీఐ అట్లాంటి హద్దు పెట్టలేదు, సీఎఫ్-4కి అసలే లేదు. అర్థమైందా? సీఐ-4 ఆయిల్ చెడ్డదని నేననను. చాలా మంచి ఆయిల్. కానీ అది డీపీఎఫ్ ఉన్న బండికి పోసేది కాదు.

మీ బండి ఏ తరానిదో ఎట్లా తెలుసుకోవాలి? బండి మీద ప్లేటు ఉంటుంది, ఆర్సీలో తయారైన తేదీ ఉంటుంది. టైర్ల మీద నడిచే మన యంత్రాలకి రోడ్డు బండ్లకున్న బీఎస్-6 లెక్క కాదు, వేరే లెక్క ఉంది, సీఈవీ అంటారు, కన్‌స్ట్రక్షన్ ఎక్విప్‌మెంట్ వెహికల్ అని. 2021 ఏప్రిల్ దాకా తయారైనవి బీఎస్-3 సీఈవీ. అక్కడి నుంచి సీఈవీ స్టేజ్-4. 2025 జనవరి నుంచి స్టేజ్-5. స్టేజ్-4లో చాలా ఇంజిన్లకి పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకే పంపే ఈజీఆరో, పొగని శుభ్రం చేయడానికి యూరియా నీళ్లు పోసే ఎస్సీఆరో వచ్చాయి. స్టేజ్-5లో పొగలో వచ్చే కణాలు ఎన్నో లెక్కపెట్టి మరీ హద్దు పెట్టారు కాబట్టి డీపీఎఫ్ లేకుండా గట్టెక్కడం చాలా ఇంజిన్లకి కుదరదు. మీ బండికి ఏమేం ఉన్నాయో డీలర్ని అడగండి. సిగ్గుపడొద్దు. బండి అమ్మేటప్పుడు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు కదా, ఇది చెప్పడానికి వాళ్లకేం కష్టం?

హొసకోట పక్కన ఒక లేఔట్ పనిలో నేను చూసింది చెప్తా. ఒకాయనకి పాత బండ్లున్నాయి, కొత్తగా ఒక పొక్లెయిన్ కొన్నాడు. రెండు షిఫ్టులు ఆడుతోంది. ప్యానెల్ మీద రీజెన్ లైటు మాటిమాటికీ వెలుగుతోంది. ఆపరేటర్ సెన్సార్ పోయిందన్నాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి వైరింగ్ అంతా తడిమాడు, ఏం దొరకలేదు. నేను వెళ్లి బండి దగ్గరికి కూడా పోలేదు, ముందు షెడ్డులోకి పోయాను. ఒక మూల నీలం బ్యారెల్, దాని మీద చేతిపంపు, పంపు మూతికి గుడ్డ చుట్టుంది. గుడ్డ తీసి, బ్యారెల్ మీద దుమ్ము తుడిచి చూస్తే సీఎఫ్-4. పాత బండ్లకి పోసేదే కొత్త దానికీ పోస్తున్నారు, పైగా పొద్దున్నే టాప్-అప్ కూడా అందులోంచే. "అన్నీ 15డబ్ల్యూ-40యే కదా సార్" అన్నాడు స్టోరు అబ్బాయి. ఆ అబ్బాయిది తప్పనను, వాడికెవరు చెప్పారు? డీపీఎఫ్ విప్పించి చూస్తే, మాన్యువల్ ప్రకారం బూడిద తీయించాల్సిన గంటలు ఇంకా చాలా ఉండగానే, అడుగున బూడిద గట్టిగా పేరుకుని ఉంది. బూడిదరంగు సుద్దముక్క లాంటి గడ్డలు, పిన్నుతో పొడిస్తే రాలుతున్నాయి.

అట్లాగని లైటు వెలిగిన ప్రతిసారీ ఆయిల్ మీదకి నెట్టేయకండి. బండి పని చేయకుండా ఊరికే ఐడ్లింగులో పెడితే, ఏసీ కోసం గంటల తరబడి ఇంజిన్ ఆడిస్తే, రీజెన్ మొదలవగానే ఆపరేటర్ విసుక్కుని బటన్ నొక్కి ఆపేస్తే, అప్పుడూ వెలుగుతుంది. బటన్ నొక్కేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, నాకు తెలుసు, నవ్వుతున్నారు.

ఇప్పుడు ముందు వరసలో అక్కగారు ఒక చీటీ రాసి పంపారు. లెక్కలన్నీ ఆమే చూస్తారట. "మా దగ్గర పాతవీ కొత్తవీ కలిపి ఉన్నాయి. రెండు రకాల బ్యారెళ్లు పెడితే పిల్లలు కలిపేస్తారు. అన్నిటికీ సీకే-4 ఒక్కటే పోయొచ్చా?" అని. మంచి ప్రశ్నమ్మా. సీకే-4 అనేది దాని ముందు తరాల పని కూడా చేసేటట్టు తయారైంది. సీఐ-4, సీహెచ్-4 అడిగే బండ్లలో పోయొచ్చు. పైగా వేడికి తొందరగా చెడకపోవడం, నురుగు బుడగలు పట్టకపోవడం, ఇవన్నీ అందులో మెరుగు. ఒకప్పుడు పాత బండ్లకి టీబీఎన్ ఎక్కువ కావాలనే భయం ఉండేది, ఇప్పుడు బంకులో వచ్చేదే 10 పీపీఎం డీజిల్ కాబట్టి ఆ భయం చాలావరకు పోయింది. బంకు డీజిల్ పోస్తేనే సుమా. ఎక్కడిదో తెలియని బ్యారెల్ డీజిల్ పోసేవాళ్ల గురించి నేను మాట్లాడట్లేదు.

మరి ధర? లెక్క వేద్దాం రండి. లీటరుకి 60 రూపాయలు ఎక్కువ అనుకుందాం, ఊరికే లెక్క కోసం. 20 టన్నుల పొక్లెయిన్ సంపులో 24 లీటర్లు పడుతుందనుకుందాం. 1440 రూపాయలు ఎక్కువ. 500 గంటలకి ఒకసారి మారిస్తే గంటకి మూడు రూపాయలు కూడా కాదు. 250కే మారుస్తారా, ఆరు రూపాయల లోపు. అదే బండి గంటకి డీజిల్ ఎంత తాగుతుంది? పన్నెండు లీటర్లు అనుకున్నా వెయ్యి దాటిపోతుంది. గంటకి వెయ్యి రూపాయల డీజిల్ కాల్చే బండికి మూడు రూపాయల దగ్గర బేరమా? ఒకే బ్యారెల్ పెట్టండమ్మా, సీకే-4. అన్నీ పాత బీఎస్-3 బండ్లే ఉన్నవాళ్లకి మాత్రం సీఐ-4లోనే మసిని ఇంకా బాగా మోసే రకం, మంచి సీఐ-4 ప్లస్ చాలు, ఊరికే ఖర్చు పెట్టమనను.

ఒక్క జాగ్రత్త. సీకే-4తో పాటు అదే ఏడు ఎఫ్ఏ-4 అని ఇంకోటి వచ్చింది, సీతో మొదలు కాకపోయినా అదీ డీజిల్ ఇంజిన్ ఆయిలే. అది పలచన, డీజిల్ ఆదా కోసం చేసింది. అది వెనకటి బండ్లకి పనికిరాదు. మాన్యువల్లో ఎఫ్ఏ-4 అని రాసుంటే తప్ప ముట్టుకోవద్దు.

ఏపీఐ తర్వాత ఇంకో వరస ఉంటుంది, కంపెనీల సొంత లెక్కలు. కమిన్స్ ఇంజిన్ అయితే సీఈఎస్ 20086 అనో 20081 అనో అడుగుతుంది. వోల్వో అయితే వీడీఎస్-4.5. క్యాటర్‌పిల్లర్ అయితే ఈసీఎఫ్-3. జపాన్ బండ్ల మాన్యువల్లో అక్కడి ప్రమాణాలు జాసో డీహెచ్-1, డీహెచ్-2 కనపడతాయి, డీపీఎఫ్ ఉన్నదానికి డీహెచ్-2. ఇవన్నీ కంఠతా పట్టక్కర్లేదు. మాన్యువల్లో ఆ పేజీ ఫోన్లో ఫోటో తీసుకోండి. కొట్టుకి పోయినప్పుడు ఫోటో ఒక చేత్తో, డబ్బా ఒక చేత్తో పెట్టుకుని కలిపి చూడండి, అంతే. డబ్బా మీద "అప్రూవ్డ్" అని ఉందా, "మీట్స్" అని ఉందా, "సూటబుల్" అని ఉందా, అది కూడా గమనించండి. అప్రూవ్డ్ అంటే ఇంజిన్ కంపెనీ చూసి సంతకం పెట్టింది. మిగతావి ఆయిల్ కంపెనీ తనంతట తాను చెప్పుకునేవి. వారంటీలో ఉన్న బండికి నేనైతే మొదటిదే చూస్తా.

మార్చడం ఎప్పుడు? 250 గంటలా, 500 గంటలా? మాన్యువల్లో ఉన్నది మంచి పరిస్థితులకి రాసింది. మనది మంచి పరిస్థితేనా? చిక్కబళ్లాపురం క్రషర్లలో ఆడే బండిని చూశారు కదా, పొద్దున ఏ రంగులో ఉండేదో సాయంత్రానికి గుర్తుపట్టలేం. దుమ్ము ఎక్కువున్న చోట, బ్రేకర్ కొట్టే చోట, ఐడ్లింగ్ ఎక్కువున్న చోట గడువు తగ్గించాలని ఆ మాన్యువల్లోనే కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఐడ్లింగులో కూడా మీటరు తిరుగుతుంది, ఆయిల్‌లో మసీ, మండని డీజిలూ చేరుతూనే ఉంటాయి. "పని చేయలేదు కదా సార్, ఊరికే ఆడింది" అంటే ఆయిల్ ఊరుకోదు.

ఇంకోటి, నల్లబడటం. కొత్త ఆయిల్ పోసి రెండు రోజులు కాకముందే నల్లగా అయిపోయింది, ఆయిల్ మంచిది కాదు అంటారు. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ నల్లబడితే అది పని చేస్తోందని. మసిని గోడలకి అంటకుండా తనలో కలుపుకుని తిప్పుతోంది. రంగు చూసి ఆయిల్‌ని తిట్టొద్దు. మీరు చూడాల్సింది డిప్‌స్టిక్ మీద మట్టం. తగ్గితే అందరూ చూస్తారు, టాప్-అప్ చేస్తారు. పెరిగితే? పెరిగితే "ఆహా, ఆయిల్ తాగట్లేదు" అని సంతోషపడేవాళ్లున్నారు. ఆయిల్ తనంతట తాను ఎట్లా పెరుగుతుంది? ఏదో కలుస్తోంది. నాజిల్ కారి డీజిల్ దిగుతోందా, కూలెంట్ దిగుతోందా? డీజిల్ దిగితే వాసన వస్తుంది, పలచనవుతుంది. నీళ్లు దిగితే టీ రంగుకి తిరుగుతుంది. అప్పుడు బండి ఆపేయాలి. ఈ ట్రిప్పు అయ్యాక చూద్దాం అంటే క్రాంక్ బేరింగులు పోతాయి. మట్టం చూసేది చదును నేల మీద, ఇంజిన్ ఆపి పది పదిహేను నిమిషాలు ఆగాక. గట్టు మీద ముక్కు పైకెత్తి నిలబెట్టి చూస్తే అది లెక్కే కాదు.

ఇప్పుడు దుమ్ము, నీళ్లు. మంచి ఆయిల్ కొంటాం, దాన్ని మురికి చేసి పోస్తాం. గరాటు ఎక్కడుంటుంది మీ సైట్లో? బండి కింద, మట్టిలో. కాదంటారా? ఒక గరాటుకి, ఒక పోసే డబ్బాకి మూత పెట్టి సంచిలో కట్టి ఉంచడానికి ఖర్చేముంది? బ్యారెల్ సంగతి ఇంకా ఘోరం. బయట ఎండలో నిలబెట్టి వదిలేస్తారు. పైన అంచు ఉంటుంది కదా, వాన పడితే ఆ పళ్లెంలో నీళ్లు నిలుస్తాయి. పగలు ఎండకి లోపలి గాలి ఉబ్బి బిరడా సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడి లోపల గాలి ముడుచుకుంటే, ఆ సందుల్లోంచే పైనున్న నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. బిరడా గట్టిగానే ఉంది సార్ అంటారు, అయినా పీలుస్తుంది. నీడలో పెట్టండి. నిండు బ్యారెల్ అయితే పడుకోబెట్టండి. పడుకోబెట్టినప్పుడు రెండు బిరడాలూ ఒకే మట్టంలో, గడియారంలో 9 దగ్గర ఒకటి, 3 దగ్గర ఒకటి ఉండేట్టు. అప్పుడు లోపలి నుంచి ఆయిలే వాటిని తడిపి మూసి ఉంచుతుంది. నిలబెట్టక తప్పదంటే కింద ఒక పక్క చెక్క పెట్టి వంచండి, నీళ్లు బిరడాల దగ్గర నిలవకుండా.

ఫిల్టర్ గురించి ఒక్క మాట. ఆయిల్ మార్చినప్పుడల్లా ఫిల్టర్ మార్చాలి. "ఈసారికి కడిగి పెట్టాం" అనేది మానుకోండి. ఫిల్టర్ పూడుకుపోతే ఇంజిన్ ఎండిపోకూడదని లోపల బైపాస్ వాల్వ్ పెట్టారు, అది తెరుచుకుంటుంది. అప్పుడు వడకట్టని ఆయిల్ సూటిగా బేరింగులకి పోతుంది. ప్యానెల్ మీద లైటు వెలగదు, శబ్దం మారదు, ఏమీ తెలియదు. పాత ఫిల్టర్‌ని పారేసే ముందు కోసి, మడతలు విప్పి చూడండి. మెరిసే రేకుల్లాంటివి కనపడితే అది మెకానిక్‌ని పిలవాల్సిన రోజు.

నకిలీ ఆయిల్ గురించి చాలామంది అడిగారు. బిల్లు ఇచ్చే చోట కొనండి, మూత కింద సీలు, డబ్బా మీద కోడ్, బ్యాచ్ నంబరు చూడండి. దానికన్నా ముఖ్యం, మీ ఖాళీ బకెట్లు ఎవరికి అమ్ముతున్నారు? బాగున్న బకెట్, బాగున్న మూత, ఎందుకంత ధర ఇస్తున్నాడో ఆలోచించారా? అమ్మేముందు అడుగున ఒక మేకు దింపండి.

ఇంజిన్ ఆయిల్‌ని గేర్‌బాక్స్‌లోనూ, బ్యాక్‌హో వెనక యాక్సిల్లోనూ పోసేవాళ్లున్నారు. వాటిలో ఆయిల్‌లోనే మునిగి ఆడే క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్లేట్లు ఉంటాయి, వాటికి జారుడు లెక్క వేరు. వాటి ఆయిల్ వాటికే. దీని మీద ఇంకోసారి కూర్చుందాం, ఇప్పుడు మొదలుపెడితే చీకటి పడుతుంది.

పాత ఆయిల్ ఏం చేస్తున్నారు? ఎవరూ చెప్పరే! నేను చెప్తా. సెంట్రింగ్ వాళ్లకి ఇస్తున్నారు, షట్టరింగ్ ప్లేట్లకి పూయడానికి. కాంక్రీటు మీద నల్ల మరకలు పడతాయి, తర్వాత ప్లాస్టరింగ్ పట్టదు, ఆ మేస్త్రీ మిమ్మల్నే తిట్టుకుంటాడు. అది పక్కన పెట్టినా, పాడైన ఆయిల్ 2016 నాటి నియమాల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. ఒక్కో బండివాడు ఇరవై లీటర్లు పట్టుకుని ఎక్కడికి పోతాడు, నిజమే. పది మంది కలిసి ఒక బ్యారెల్ నింపితే వాళ్లే వచ్చి తీసుకుపోతారు, డబ్బు కూడా ఇస్తారు. ఈ హాల్లో ఉన్నవాళ్లం కలిస్తే నెలకి ఎన్ని బ్యారెళ్లవుతుందో మీరే లెక్కేయండి.

ఆ, వెనక తమ్ముడు చెయ్యెత్తాడు. చెప్పు. "పాత బండి, ఆయిల్ తాగుతోంది. ఎట్లాగూ తాగేస్తుంది కదా, చవకది పోస్తే ఏం?" అంటున్నాడు. తమ్ముడూ, ముందు అది ఎందుకు తాగుతోందో చూడు. నీలం పొగ స్టార్ట్ చేయగానే వచ్చి తగ్గిపోతే వాల్వ్ సీళ్లు. లోడ్ మీద ఎప్పుడూ వస్తుంటే రింగులో, టర్బోనో. దుమ్ము లోపలికి పోయి రింగులు అరిగాయేమో, ఎయిర్ క్లీనర్ గొట్టం క్లిప్పు వదులుందేమో చూశావా? రింగులు అరిగిన ఇంజిన్‌లో మసి ఎక్కువ దిగుతుంది, కాబట్టి దానికి మసిని మోసే శక్తి ఎక్కువున్న ఆయిలే కావాలి. చవకది పోస్తే అది గడ్డకట్టి అడుగున బురద అవుతుంది. నువ్వు ఇప్పుడు నీ ఆయిల్ ఎట్లా ఉందో చూడాలంటే, వేడి ఇంజిన్‌లోంచి డిప్‌స్టిక్ తీసి ఒక్క చుక్క బ్లాటింగ్ కాయితం మీద వేసి రాత్రంతా వదిలెయ్. మసి చుట్టూ సమంగా పరుచుకుంటే ఇంకా సత్తువ ఉంది. మధ్యలో నల్లటి గుండ్రం గట్టిగా నిలిచిపోయి చుట్టూ తెల్లగా ఉంటే, మసిని మోయలేకపోతోంది, మార్చెయ్.

అది ఇంటి పరీక్ష. అసలు పరీక్ష కావాలంటే ల్యాబుకి పంపండి. అక్కడ సిలికాన్ ఎక్కువొస్తే దుమ్ము పోతోందని, ఎయిర్ ఫిల్టర్ దగ్గరికి పోండి. సోడియం, పొటాషియం వస్తే కూలెంట్ దిగుతోందని. సీసం, రాగి వస్తే బేరింగులు. ఇనుము వస్తే లైనర్లు. ఒక్కసారి చేయిస్తే పెద్దగా తెలియదు. మూడు నాలుగు సార్లు వరసగా చేయిస్తే, ఏది పెరుగుతోందో కనపడుతుంది, ఇంజిన్ విప్పకముందే.

శాంపిల్ సీసాలు ఆ బల్ల మీద పెట్టించాను, కావాల్సినవాళ్లు తీసుకోండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, ఆయిల్ దింపుతుంటే మొదట కొంచెం పోనిచ్చి మధ్యలో పట్టాలి. అడుగున ఆగిన మడ్డి పట్టొద్దు, చివరి చుక్కలు పట్టొద్దు. సీసా మీద బండి రీడింగ్ ఒకటి, ఆయిల్ పోసినప్పటి రీడింగ్ ఒకటి, రెండూ రాయండి. పోసింది సీఐ-4నా సీకే-4నా, అదీ రాయండి.